మూడో నంబరు బొటనవేలు

మీసం అంటించే జిగురు డబ్బా మీద ఆరు గంటలదాకా ఊడదని రాసి ఉంటుంది. రాసినవాడెవడూ మిట్టమధ్యాహ్నం ఈ దీవి మీద, మందపాటి ఉన్ని కోటు మెడదాకా బిగించుకుని, ఫిరంగి పక్కన నిలబడి ఉండడు. బుల్లి మీసం గంటన్నరకే ఎడమ కొస దగ్గర లేవడం మొదలుపెట్టేది. పై పెదవి మీద చెమట, దాని మీద జిగురు, జిగురు మీద గుర్రపు వెంట్రుకలు. దురద పుట్టినా గోక్కోవడానికి లేదు, తాడుకు అవతల రెండు వందలమంది చూస్తుంటారు.

ఆ మీసం కొత్త మేనేజరుతో పాటు వచ్చింది. "ఆ కాలంలో ఫిరంగి దగ్గర ఆడవాళ్ళు లేరమ్మా. చరిత్రని చరిత్రలాగే చూపించాలి," అన్నాడాయన చేరిన వారంలోనే. ఆ కాలంలో కోట గుమ్మంలో ఐస్‌క్రీము బండి కూడా లేదు, కానీ దానికి మీసం పెట్టమని ఆయన అనలేదు. పాత మేనేజరైతే టోపీ కాస్త కిందికి లాక్కోమనేవాడు, పని జరిగిపోయేది.

ఊరి రేవు నుంచి పడవలో ఇరవై నిమిషాలు వెళితే కోట. శని, ఆదివారాల్లో అక్కడ పాత కాలాన్ని మళ్ళీ నడిపించి చూపిస్తారు. ఒక మూల కమ్మరి కొలిమి ఊదుతుంటాడు, ఇంకో మూల ఒక అమ్మాయి కొవ్వొత్తులు పోస్తుంటుంది. బుల్లి పొద్దున్న పూట సిపాయిల బట్టలు బూడిద నీళ్ళలో ఉడకబెట్టి ఉతికే మనిషి, మధ్యాహ్నం రెండింటికి ఫిరంగి దగ్గర సిపాయి. "పొద్దున ఆడదాన్ని, మధ్యాహ్నం మగాణ్ణి, ఇంటికొచ్చేసరికి రెండూ కాను, ఉత్త నడుంనొప్పిని," అనేది మొగుడితో.

ఫిరంగి దగ్గర పేర్లుండవు, నంబర్లే. ఒకటో నంబరు బుల్లి బాబాయి. నాన్నకి స్వయానా తమ్ముడు. ఇరవై రెండేళ్ళుగా పొడుగాటి కర్ర పట్టుకుని ఫిరంగి నోటి దగ్గర నిలబడేది ఆయనే, బుల్లిని ఈ పనిలో పెట్టించిందీ ఆయనే. రెండో నంబరు తుపాకిమందు సంచి తెచ్చి గొట్టంలో పెడతాడు. బుల్లి మూడో నంబరు. నాలుగో నంబరు నిప్పు పెడతాడు. వెనక నిలబడి కేకలేసేవాణ్ణి కమాండరు అంటారు. ఆయన బళ్ళో డ్రిల్లు మాస్టారుగా రిటైరై వచ్చాడు, గొంతు మాత్రం ఇంకా రిటైరు కాలేదు.

రోజుకి రెండు మోతలు. గుండు ఉండదు, ఉత్త మందే. మొదటిది పేలాక గొట్టం లోపల సంచిగుడ్డ పీలికలు నిప్పుకణికలై మిగిలిపోతాయి. అందుకని బాబాయి కర్ర చివర ఉన్న గొర్రెతోలు కుచ్చుని బకెట్లో ముంచి, లోపలిదాకా తోసి, తిప్పి, బయటికి లాగుతాడు. ఆయన తోసి లాగేంతసేపూ మూడో నంబరు ఫిరంగి వెనకవైపు మీదున్న చిన్న రంధ్రాన్ని, తోలు తొడుగు వేసుకున్న బొటనవేలితో గట్టిగా మూసిపెట్టాలి. గాలి ఆడకపోతే కణిక చస్తుంది. వేలు లేచిందా, గాలి తగిలి రాజుకుంటుంది. చూసేవాళ్ళకి ఇదేమీ తెలియదు, మీసాలాయనెవరో ఊరికే ఫిరంగి మీద చెయ్యేసి నిలబడ్డాడనుకుంటారు. వేలు సరిగ్గా ఉందని చెప్పేది ఒక్కటే. కుచ్చు బయటికి వచ్చేటప్పుడు సీసా బిరడా పీకినట్టు టప్పుమనాలి. అనకపోతే మళ్ళీ తడిపి మళ్ళీ తోయాలి. అది రూలు.

బాబాయికి ఆ చప్పుడు వినిపించదు. ఫిరంగి వైపు ఉండే కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమది సగమే పనిచేస్తుంది. ఈ సంగతి దీవి మీద ఇద్దరికే తెలుసు. టప్పుమంటే బుల్లి గడ్డం కొద్దిగా కిందికి దించుతుంది, అది చూసి ఆయన ముందుకి వెళతాడు. రెండేళ్ళుగా ఇదే పద్ధతి. ఇది తప్పని బుల్లికి తెలుసు. కానీ ఆయన చేతిలోంచి ఆ కర్ర తీసేస్తే ఇక ఆయనలో ఏం మిగులుతుందో అనుకుని ఊరుకునేది.

ఆ శనివారం మొదటి మోత బాగానే పేలింది. పిల్లలు చెవులు మూసుకున్నారు, గోడ మీది పక్షులు లేచాయి. "కుచ్చు తడుపూ!" అని కమాండరు అరిచాడు. బాబాయి బకెట్లో ముంచి ఎత్తాడు, నీళ్ళు రాళ్ళ మీద పడ్డ చప్పుడు బుల్లి విన్నది. వేలు రంధ్రం మీద పెట్టింది. తోలు లోపలిదాకా ఇత్తడి వేడి తగులుతోంది. అప్పుడే మీసం ఎడమ సగం ఊడి వేలాడింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు, నవ్వు వెనక్కి పాకింది. తాడు పక్కన నిలబడ్డ మేనేజరు మొహం మాడ్చుకుని, తన పై పెదవి మీద వేలితో రెండుసార్లు తట్టి చూపించాడు, సరిచేసుకోమని.

బుల్లిది పుర్రచేతివాటం. మిగతావాళ్ళు కుడి బొటనవేలు పెట్టేచోట ఆమె ఎడమది పెడుతుంది. మొహం మీదకి వెళ్ళేది కూడా ఆ చెయ్యే. మీసం అదుముకునేటప్పుడు గడ్డం కిందికి వంగింది. అంతా కలిపి ఒక తుమ్ము తుమ్మినంతసేపు. వేలు మళ్ళీ రంధ్రం మీదకి వచ్చేసరికి కుచ్చు బయట ఉంది. టప్పుమనలేదు. అనలేదని ఆమె చెవులకి స్పష్టంగా తెలుసు. బాబాయి మాత్రం ఆమె గడ్డం చూశాడు, కర్ర తిరగేసి పట్టుకున్నాడు, రెండో నంబరు సంచి పెట్టాడు, ఈయన కర్ర రెండో కొసతో దాన్ని లోపలికి కూరడం మొదలుపెట్టాడు. "ఆగు" అనడానికి వ్యవధి ఉంది, ఒక్క ఊపిరి పీల్చుకునేంత. జనం చూస్తున్నారు, మేనేజరు చూస్తున్నాడు. ఏం కాదులే అనుకుంది.

ఫిరంగి తనంతట తనే పేలింది.

కర్ర గోడ మీదుగా ఎగిరి సముద్రంలో పడింది. పొగ పల్చబడేసరికి బాబాయి మోకాళ్ళ మీద ఉన్నాడు. కుడిచేతిని, అదెవరిదో అన్నట్టు ముందుకి చాపి చూసుకుంటున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఇదీ ఆటలో భాగమే అనుకున్నారు పాపం. కమాండరు డ్రిల్లు గొంతుతో కాక మామూలు మనిషి గొంతుతో "నీళ్ళు, నీళ్ళు తెండి" అన్నాక గానీ ఆ చప్పట్లు ఆగలేదు. బుల్లి బొటనవేలు రంధ్రంలోంచి చిమ్మిన మంటకి తోలు తొడుగుతో సహా కమిలిపోయింది. ఆ నొప్పి ఆమెకి పడవ ఎక్కాక తెలిసింది.

మర్నాడు పొద్దున్న మేనేజరు ఆమెని గదికి పిలిపించాడు. ఒకప్పుడు తుపాకిమందు దాచిన గది అది, కిటికీలుండవు, పగలు కూడా లైటు వేసుకోవాలి. బల్ల మీద టైపు కొట్టిన కాగితం ఉంది. ఒకటో నంబరు కుచ్చుని బకెట్లో తడపకుండా వాడటం వల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. కింద సాక్షి అన్నచోట గీత గీసి ఉంది.

"బాబాయి తడిపాడండీ," అంది బుల్లి.

"నువ్వు చూశావా? నువ్వు నిలబడేచోట నుంచి బకెట్ కనపడదు కదా."

"నీళ్ళు పడ్డ చప్పుడు విన్నానండీ."

"చుట్టూ సముద్రం పెట్టుకుని నీళ్ళ చప్పుడు విన్నానంటే ఎవరైనా నమ్ముతారా?" మేనేజరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. చెడ్డవాడిలా మాట్లాడడు ఆయన, కష్టసుఖాలు పంచుకుంటున్నట్టు మాట్లాడతాడు. "చూడమ్మా, ఇది పేలడానికి కారణాలు రెండే. మూడో నంబరు వేలైనా ఎత్తి ఉండాలి, ఒకటో నంబరు కుచ్చైనా తడపకుండా ఉండాలి. నీ వేలు కాలింది. అంటే పేలినప్పుడు వేలు అక్కడే ఉంది. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి నీకు?"

బుల్లి తన చేతి కట్టు వైపు చూసుకుంది. అది నిజంగానే గొప్ప సాక్ష్యంలా ఉంది, తెల్లగా, గుండ్రంగా.

"బుధవారం పెద్దాఫీసు నుంచి మేడమ్ వస్తున్నారు విచారణకి. అది అయిపోతే నీ పర్మనెంటు కాగితం కూడా ఆవిడ చేతే సంతకం పెట్టిస్తాను. ఎన్నాళ్ళు ఈ శని, ఆదివారాల బతుకు?" ఆయన కలం ఆమె వైపు జరిపి, కాగితం మీదే చూపు నిలిపి అన్నాడు. "ఇంకోమాట. మీసం సంగతి ఎక్కడా ఎత్తకు. ఊరంతా నవ్వుతారు."

అప్పుడర్థమైంది బుల్లికి. ఆయన చూశాడు. వేలు లేవడం, ఆయన సైగ చేశాకే లేవడం, అన్నీ చూశాడు. ఒళ్ళు మండిపోయింది. కానీ ఒళ్ళు మండినంత మాత్రాన నోరు లేవాలని లేదు కదా. "చెయ్యి వణుకుతోందండీ, తర్వాత పెడతాను," అని బయటికి వచ్చేసింది.

సాయంత్రం ఆసుపత్రికి వెళ్ళింది. వార్డులో కిటికీ పక్క మంచం బాబాయిది. కుడి చెయ్యి మోచేతిదాకా కట్టు కట్టి దిండు మీద పెట్టారు. రెండు వేళ్ళు ఇక వంగవని డాక్టరు చెప్పాడు. బాబాయి మాత్రం నర్సుకి ఎడమచేత్తో చూపించి మరీ చెబుతున్నాడు. "బొటనవేలు కర్ర చుట్టూ వెయ్యకూడదమ్మా. వేస్తే కర్రతో పాటు చెయ్యి కూడా పోతుంది. నేను వెయ్యలేదు కాబట్టి చెయ్యి మిగిలింది. పనితనమంటే అదీ." నర్సు అవునవునంటూ సెలైను సీసా మార్చుకుని వెళ్ళిపోయింది.

బుల్లి స్టూలు లాక్కుని కూర్చుంది. పొద్దుటి నుంచి మనసులో అనుకుంటున్న మాట ఒక్కసారిగా అనేసింది. "బాబాయ్, వేలు ఎత్తింది నేనే."

"ఆఁ?" అన్నాడాయన.

కూర్చున్నది కుడివైపు. మొదటిసారి అనడానికే ఒక రోజంతా పట్టింది, ఇప్పుడు లేచి, మంచం చుట్టూ తిరిగి, ఎడమ చెవి దగ్గర మళ్ళీ అనాలి. పక్క మంచం ఆవిడ ఇటే చూస్తోంది. బుల్లి వంగి మళ్ళీ అంది.

బాబాయి ఆమె గడ్డం వైపు చూశాడు. "నువ్వు గడ్డం దించావు కదే."

"మీసం అదుముకున్నాను."

"మీసమా!" ఆయనకి నవ్వొచ్చింది. నవ్వితే చెయ్యి కదిలింది, చెయ్యి కదిలితే ప్రాణం పోయినంత పనయింది. కళ్ళు గట్టిగా మూసుకుని తెరిచాడు. "ఇరవై రెండేళ్ళు నిప్పుతో ఆడి, ఆఖరికి మీసం చేతిలో దెబ్బతిన్నానన్నమాట."

"తిట్టు బాబాయ్. కొట్టు."

"ఏ చేత్తో కొట్టమంటావు?" అన్నాడు. నవ్వించడానికే అన్నాడు గానీ బుల్లికి ఏడుపు ఆగలేదు.

అంతలో పిన్ని ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. వస్తూనే రేవులో టికెట్ల గుమాస్తాని తిట్టడం మొదలుపెట్టింది. "ఎంత మాటన్నాడో విన్నారా? 'పెద్దాయన బకెట్లో ముంచడం మర్చిపోయాడట కదా, వయసైపోయింది పాపం' అంటాడు. వాడి పళ్ళు రాలా! మర్చిపోవడానికి ఈయనేమన్నా పప్పులో ఉప్పా వేస్తున్నది?" అంటూ బుల్లిని చూసి చప్పబడింది. "నీ వేలు కూడా కాలిందట కదే తల్లీ. ఏదీ, ఇలా తే." కట్టు విప్పి, చేతిసంచిలోంచి మందు తీసి, బుల్లి బొటనవేలికి రాస్తూ చిన్నపిల్లకి ఊదినట్టు ఊదింది. బుల్లికి ఆ వేలు నరుక్కోవాలనిపించింది.

టికెట్ల గుమాస్తా మాట బాబాయికి వినపడింది. అలాంటివి ఎలాగో వినపడతాయి. మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "ఇంకేమన్నా అనమను, పడతాను. కుచ్చు తడపలేదని మాత్రం..." అని ఆపేశాడు.

పిన్ని కప్పులు కడగడానికి వెళ్ళగానే తనే మళ్ళీ అందుకున్నాడు. "సరే, అలాగే పోనీ. బుధవారం నన్నూ పిలుస్తారట. ఒప్పేసుకుంటాను."

"ఎందుకు ఒప్పుకుంటావు? చెయ్యని తప్పు!"

"మెల్లగా. ముసలాడు ఒకసారి మర్చిపోయాడంటే ఆర్నెల్లకి జనం కూడా మర్చిపోతారు. గేటు దగ్గరో, ఇంకెక్కడో కూర్చోబెడతారు. చెవిటివాడు రెండేళ్ళుగా చప్పుడు వినకుండా మందు కూరుతున్నాడని తెలిస్తే దీవి మీద కాలు పెట్టనివ్వరు. అందులో నీకు కూడా వాటా ఉంది, మర్చిపోకు. నీ కాగితం రానీ ముందు." ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "విచారణలో నాకు ఎదురుగా కూర్చో. కాగితంలో తల పెట్టి అడిగేవాళ్ళ మాట నాకు అందదు. నువ్వు గడ్డం దించితే నేను అవునంటాను. అంతే."

సోమవారం రాత్రి భోజనాల దగ్గర మొగుడూ అదే అన్నాడు. "ఆయనే వద్దంటుంటే మధ్యలో నీకెందుకు బాధ? పెట్టెయ్ సంతకం." బస్సుల షెడ్డులో మెకానిక్కు, ఏదైనా బోల్టు బిగించినట్టు బిగించేసి పక్కకి తప్పుకుంటాడు. మంగళవారం పొద్దున్న బుల్లి సంతకం పెట్టేసింది. కుడిచేత్తో పెట్టింది, ఎడమచేతికి కట్టుంది కాబట్టి. అక్షరాలు ఎవరివో వేరేవాళ్ళవిలా వచ్చాయి. మేనేజరు కాగితం ఊదుకుని, ఫైల్లో పెట్టుకుని, "ఇవాళ నుంచి కర్ర నీదే," అన్నాడు. విచారణకి వచ్చేవాళ్ళకి మందు లేకుండా పద్ధతి మొత్తం చేసి చూపించాలట. ఒకటో నంబరు బుల్లి, మూడో నంబరు కొవ్వొత్తులు పోసే అమ్మాయి. ఆ అమ్మాయికి కూడా మీసం తెప్పించాడు.

కొత్త కర్ర చేతికి పొడుగైంది. చిత్రిక సరిగ్గా పట్టలేదు, అరచేతిలో పీచులు గుచ్చుకుంటున్నాయి. బకెట్లో ముంచితే కుచ్చు బరువెక్కి ముంజేతులు లాగాయి. ఇంత బరువని ఆమెకి ఇన్నాళ్ళూ తెలియదు, బాబాయి చేతిలో అది చీపురుపుల్లలా తిరిగేది.

"ఎంతసేపు నొక్కాలక్కా?" అంది కొవ్వొత్తుల అమ్మాయి.

"నేను చెప్పేదాకా."

కుచ్చు లోపలికి తోసి లాగింది. టప్పుమంది. రెండోసారి లాగితే ఉత్త గాలి జారినట్టు వచ్చింది. చూస్తే ఆ పిల్ల వేలు కాస్త పక్కకి జరిగి ఉంది, తను మీసం చూసుకోవడానికి గాజుకిటికీ వైపు తిరిగింది. బుల్లి కర్ర కింద పడేసి ఆ పిల్ల రెక్క పట్టుకుని ఊపేసింది. "వేలు తియ్యొద్దని చెప్పానా? మొహం ఊడి కింద పడ్డా తియ్యొద్దు! ఎదుటి మనిషి చెయ్యి నీ వేలి కింద ఉంది, తెలుసా?" పిల్ల బెదిరిపోయింది. కొలిమి దగ్గర నుంచి కమ్మరి వచ్చి విడిపించాడు. "ఊరుకో బుల్లీ. మీ బాబాయి చేసిన పనికి దీన్నెందుకు తిడతావు?" అన్నాడు మంచిగానే.

మీ బాబాయి చేసిన పని. నాలుగు రోజుల్లో అది అందరి నోళ్ళలోనూ అలా స్థిరపడిపోయింది. పడవవాళ్ళు, టికెట్లవాళ్ళు, ఐస్‌క్రీమువాడు, అందరూ జాలిపడుతూనే అంటున్నారు. ఆ జాలి బుల్లికి తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంటోంది. సంతకం పెట్టింది తనే కాబట్టి ఎవరినీ ఏమీ అనలేకపోయింది.

బుధవారం కిటికీల్లేని గదిలో విచారణ. పెద్దాఫీసు మేడమ్‌కి యాభై దాటి ఉంటాయి, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, ఫైల్లోంచి తల ఎత్తకుండా మాట్లాడే మనిషి. సరిగ్గా బాబాయి భయపడ్డట్టే. ఒకపక్క మేనేజరు, ఇంకోపక్క కమాండరు. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు, కుడిచేతి కట్టు పట్టక పిన్ని చొక్కా చెయ్యి కుట్టు విప్పింది. బుల్లి ఎదురుగా, గోడ వారగా కూర్చుంది.

"ఫిరంగి దగ్గర ఒకటో నంబరుగా పనిచేస్తున్నది మీరే కదా?" అంది మేడమ్ కాగితంతో.

బాబాయి బుల్లి వైపు చూశాడు. గడ్డం దించింది.

"అవునండీ."

"ఇరవై రెండేళ్ళ సర్వీసు."

గడ్డం దించింది. "అవునండీ."

"శనివారం డ్యూటీలో ఉన్నారు."

"అవునండీ." సజావుగా సాగిపోతోంది. మేనేజరు కాలు మీద కాలు వేసుకున్నాడు. బుల్లి బాబాయి మొహం చూసింది. ఏ మాట అడుగుతున్నారో ఏమీ తెలియకుండా, పరీక్ష రాసే పిల్లాడిలా, ఆమె గడ్డాన్నే అంటిపెట్టుకుని చూస్తున్నాడు. ఏం అడిగినా ఒప్పుకునేలా ఉన్నాడు.

మేడమ్ పేజీ తిప్పింది. "రెండో మోతకి ముందు కుచ్చు తడపకుండానే లోపలికి తోశారు. ఇది మీ నిర్లక్ష్యమేనని ఒప్పుకుంటున్నారా?"

బాబాయి నోరు 'అవు' అనడానికి సగం తెరుచుకునే ఉంది. చూశాడు. బుల్లి గడ్డం కదల్లేదు. కనుబొమ్మలు ముడిచి మళ్ళీ చూశాడు, త్వరగా కానియ్యి అన్నట్టు. బుల్లి తల అడ్డంగా ఊపింది. ఒకసారి కాదు, రెండుసార్లు, ఆ గదిలో ఎవరైనా చూడగలిగేంతగా.

బాబాయి ఖంగు తిన్నాడు. అయినా రెండేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? "కాదండీ," అన్నాడు మెల్లగా.

"కాదా? ఒప్పుకుంటానన్నావు కదయ్యా!" మేనేజరు లేచాడు.

మేడమ్ మొదటిసారి తలెత్తింది. కళ్ళజోడు పైకి తోసుకుని బాబాయిని చూసింది, ఆయన చూపు పట్టుకుని బుల్లిని చూసింది. "మీరు నాకు జవాబు చెబుతూ ఆమె వైపు ఎందుకు చూస్తున్నారు?"

ఆ ప్రశ్న కూడా బాబాయికి అందలేదు. ఇంకా బుల్లినే చూస్తున్నాడు.

బుల్లి లేచి నిలబడింది. "ఆయనకి వినపడదండీ. టప్పుమందో లేదో నేను గడ్డం దించి చెబుతాను, చూసి తోస్తాడు. రెండేళ్ళ నుంచి అలాగే చేస్తున్నాం, ఎవరికీ చెప్పకుండా. శనివారం నేను వేలు ఎత్తేశాను. ఎత్తినప్పుడు గడ్డం వంగింది. ఆయన సరే అనుకున్నాడు. టప్పుమనలేదని నాకు తెలుసు. ఆగమని అరవలేదు. కుచ్చు తడిపాడండీ, నీళ్ళు పడటం విన్నాను. ఆ కాగితం మీద సంతకం పెట్టింది కూడా నేనే, అబద్ధమని తెలిసే పెట్టాను."

"వేలు ఎందుకెత్తారు?"

"మీసం ఊడిందండీ. సరిచేసుకోమని సైగ చేశారు."

కమాండరు ముక్కులోంచి జారిన నవ్వుని దగ్గులా మార్చుకున్నాడు. మేడమ్ నవ్వలేదు. "ఎవరు సైగ చేశారు?" అంది. బుల్లి చెప్పనక్కర్లేకపోయింది. మేనేజరు ఆ కాలంలో ఫిరంగి దగ్గర ఆడవాళ్ళు ఉండేవారు కాదని, చరిత్రకి న్యాయం చేయాలనే ఉద్దేశంతోనని ఏదో చెబుతున్నాడు, ఆవిడ చెయ్యెత్తి ఆపింది. లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి బాబాయి ఎదురుగా నిలబడి, ఒక్కో మాటా విడదీసి అడిగింది. "మీకు వినపడదా?"

ఇది అందింది. బాబాయి మళ్ళీ బుల్లి వైపు తిరిగాడు. ఈసారి బుల్లి ఏ సైగా చెయ్యకుండా మొహం గోడ వైపు తిప్పేసుకుంది. ఆయన సైగ కోసం ఎదురుచూశాడు. నిండు గదిలో బట్టలూడదీసినట్టుంది ఆయనకి, అది బుల్లికి అటు తిరగకుండానే తెలుస్తోంది.

"కుడిది పూర్తిగా పోయిందండీ," అన్నాడు చివరికి. "ఎడమది సగం." ఆగి, కట్టు కట్టిన చెయ్యి కాస్త పైకెత్తాడు. "కుచ్చు మాత్రం తడిపాను. అది సరిగ్గా రాసుకోండి."

మేడమ్ కుర్చీలోకి వెళ్ళి ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. కొట్టి, ఇంకా చాలా రాసింది. తను మళ్ళీ చెప్పేదాకా ఫిరంగి పేల్చకూడదని, వీళ్ళిద్దరూ దాని దరిదాపులకి వెళ్ళకూడదని, మేనేజరు శుక్రవారం పెద్దాఫీసుకి రావాలని. బుల్లి పర్మనెంటు కాగితం ఫైల్లోంచి బయటికి రానేలేదు.

నాలుగింటి పడవలో తిరుగు ప్రయాణం. పడవ నిండా జనం. ఈ వార్త వాళ్ళకంటే ముందే ఎక్కి కూర్చుంది, కమ్మరి చూపు తిప్పుకున్నాడు, కొవ్వొత్తుల అమ్మాయి అయితే బాబాయి చెవుల్నే చూస్తోంది. బాబాయి కోట నుంచి పడవ దాకా ఆమెకన్నా ముందే నడిచాడు. పడవలోనూ ఎవరి వైపూ చూడకుండా అంచున ఉన్న బల్ల మీద కూర్చున్నాడు. బుల్లి వెళ్ళి ఎప్పటిలాగే ఆయన కుడిపక్కన కూర్చుంది. వేరేవాళ్ళెవరైనా అక్కడ కూర్చుని పలకరిస్తే గుట్టు బయటపడుతుందని రెండేళ్ళుగా ఆ చోటు ఆమెదే.

పడవ కదిలింది. కోటగోడ వెనక్కి జరుగుతోంది. ఆయన ఇక తనతో జన్మలో మాట్లాడడనుకుంది బుల్లి. మాట్లాడకపోయినా న్యాయమే అనుకుంది.

"ఇటు రా," అన్నాడు బాబాయి.

ఆమెకి అర్థం కాలేదు. ఆయన ఎడమచేత్తో తన ఎడమపక్క బల్ల మీద చరిచాడు. పడవంతా వినేలా అరిచాడు. "ఇటు వచ్చి కూర్చోవే. ఆ పక్కన నాకు వినపడదు. చెవుడు!"

ఇంజన్ దగ్గర నిలబడ్డవాళ్ళు కూడా తిరిగి చూశారు. టికెట్ల గుమాస్తా చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. బుల్లి లేచి, జనం కాళ్ళు తప్పించుకుంటూ అటువైపు వెళ్ళి కూర్చుంది.

"నిన్ను తిట్టాలి," అన్నాడు బాబాయి. "నాకు తిరిగి ఏం సమాధానం చెబుతావో వినపడాలి."

"తిట్టు బాబాయ్," అంది గట్టిగా.

ఒడ్డు వచ్చేదాకా తిడుతూనే ఉన్నాడు. సంతకం పెట్టినందుకు తిట్టాడు, ఆగమని అరవనందుకు తిట్టాడు, చెప్పొద్దన్నది నలుగురిలో చెప్పినందుకు అన్నిటికన్నా ఎక్కువ తిట్టాడు. బుల్లి దేనికీ తల ఊపలేదు. ప్రతిదానికీ నోరు తెరిచి జవాబు చెప్పింది.